ల్యాబు కాగితాలు

చిటికెడు కుంకుమ తీసి కాగితం నడిమధ్యన వేసి, ఇటొక మడత, అటొక మడత పెట్టి, జిగురున్న అంచు మీద తడిగుడ్డ అద్దితే చాలు, పొట్లం అంటుకుపోతోంది. దారం అక్కర్లేదు, పిన్ను అక్కర్లేదు. పద్మకుమారి కొట్టులో గల్లాపెట్టె వెనకాల స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో ఇత్తడి పళ్ళెం పెట్టుకుని పొద్దున్నుంచీ అదే పని మీద ఉంది. మధ్యలో ఎవరైనా వచ్చి పాల ప్యాకెట్టో సబ్బుబిళ్ళో అడిగితే లేచి ఇచ్చి, చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చుంటోంది. శ్రావణ శుక్రవారం నాడు కాలనీ అమ్మవారి గుడిలో సామూహిక కుంకుమ పూజ. పూజకు వచ్చినవాళ్ళకీ, రాలేక ఇంట్లో ఉండిపోయిన ముసలివాళ్ళకీ పంచే కుంకుమ పొట్లాలు కట్టడం ఏటా ఆమె వంతే. ఇదివరకు పాత క్యాలెండరు కాగితాలు కత్తిరించి కట్టేది. ఆ కాగితం మందం, విప్పేలోపల సగం కుంకుమ నేలపాలయ్యేది. న్యూస్‌పేపరుతో కడదామంటే అందులో ఎవరి చావు వార్త ఉంటుందోనని మనసొప్పేది కాదు. ఈ ఏడు మాత్రం మంచి కాగితం చేతికి దొరికింది. ఉల్లిపొరలా ఉంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతలి వేలు కనిపిస్తోంది. జిగురు అంచుని నాలిక మీద రాసి అంటించుకోవచ్చునని అట్టపెట్టె మీద బొమ్మ వేసి ఉంది గానీ, అమ్మవారి కుంకుమని ఎవరైనా ఎంగిలి చేస్తారా? అందుకే తడిగుడ్డ.

"కొట్టులో కూకుని కుంకం పొట్లాలు కడతాది. సరుక్కొచ్చినోడిని ఉండు, సెయ్యి కడుక్కొస్తానంటాది. ఇది యాపారమేటి, గుడేటి?" అంది అత్తగారు లక్ష్మణమ్మ, అరుగు మీద కూర్చుని. ఆవిడకి అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతుంది, అలా పెట్టుకునే మాట్లాడుతుంది కూడా. పద్మకుమారి నవ్వి ఊరుకుంది. అత్తగారి మాటలకి నవ్వి ఊరుకోవచ్చు. మొగుడి మాట అలా కాదు, అది లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. కొట్టు పని వల్ల నడుం పట్టేసిందని ఒకసారి అంటే, జగన్నాధం, "నువ్వు కూకుంటావు, అంతే గదా. కూకోడం కూడా ఓ పనేటే?" అన్నాడు. వెక్కిరింపుగా కూడా అనలేదు, నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు. చీకటితో లేచి వాకిలి ఊడ్చి కళ్ళాపి జల్లి, పాల ట్రేలు లోపల పెట్టి, దేవుడి దగ్గర దీపం పెట్టి, అత్తగారికి టిఫిను పెట్టి, షట్టరు ఎత్తేది ఆమె. మధ్యాహ్నం వంటింట్లో కుక్కరు కూతలు లెక్కపెడుతూనే కొట్టులో చిల్లర ఇచ్చేది ఆమె. అతను పొద్దున్న బండి మీద పెద్ద మార్కెట్టుకి వెళ్ళి సరుకు తెస్తాడు. తెచ్చి పడేసి, పాలకొండ రోడ్డులో టీ కొట్టు దగ్గర రాజకీయాలు మాట్లాడి భోజనానికి వస్తాడు. బోర్డు మీద 'జగన్నాధం జనరల్ స్టోర్స్' అని ఉంటుంది. శ్రీకాకుళంలో ఎవరిని అడిగినా అది జగన్నాధం కొట్టే.

ఆ కాగితాలు కూడా అతను తెచ్చినవే. వీధి చివర ప్రైవేటు కాలేజీ కట్టి హాస్టలు తెరిచాక తెచ్చాడు. చిన్న చిన్న అట్టపెట్టెలు, విప్పితే లోపల పల్చటి కాగితాలు.

"ఇయ్యేటి మావా?" అని అడిగింది అప్పుడు.

"ల్యాబు కాగితాలే. కెమిస్ట్రీ పిల్లలు ఏవో నీళ్ళు వడకడతారు గదా, దానికి. కింద సొరుగులో పెట్టు. పైన దుమ్ము పడితే ఆళ్ళ ప్రయోగం పాడైపోతాది."

ఆ మాట విని పద్మకుమారి సొరుగు కడిగి, ఆరబెట్టి, కొత్త కాగితం పరిచి మరీ సర్దింది. కొట్టులో అన్ని సరుకుల్లోకీ అవంటే ఆమెకొక ప్రత్యేకమైన ఇష్టం ఏర్పడింది. దానికి కారణం ఉంది. ఆమెది నౌపడ దగ్గర ఊరు. చిన్నప్పుడు ఉప్పుమడుల గట్ల మీద నిలబడి, నిన్న నీళ్ళున్న చోట ఇవాళ తెల్లటి పొర ఎక్కణ్ణించి వచ్చిందని ఊళ్ళో అందరినీ విసిగించేది. పదో తరగతిలో సైన్సు మేష్టారు, ఇంటర్లో చేరితే ల్యాబు ఉంటుంది, నీ చేత్తో నువ్వే వడకట్టి చూసుకోవచ్చు అన్నాడు. వడకట్టే కాగితం అని ఒకటి ఉంటుందని కూడా ఆయనే చెప్పాడు. టెక్కలి బస్సులో ఆడగుంటని పంపడం కుదరదని నాన్న అన్నాడు. అంతటితో సైన్సు అయిపోయింది. వాళ్ళమ్మ పాతచీర ముక్కలో ఆమె ఒకసారి ఉప్పునీళ్ళు వడకట్టి చూసింది. ఏమీ మిగల్లేదు. కాగితం అయితే మిగిలేదేమో అనుకుంది. ఇన్నేళ్ళకి ఆ కాగితం తన కొట్టు సొరుగులోకి వచ్చింది. ఏ పిల్లాడైనా వచ్చి "ఆంటీ, పేపరు" అంటే, దుమ్ము దులిపి రెండు చేతులతో అందించేది. మనసులో, "బాగా చదువుకో నాన్నా" అనుకునేది. చదువుకి సంబంధించిన కాగితం గనకనే కుంకుమకి వాడడానికి ఆమె మనసు ఒప్పుకుంది. సరస్వతి కాగితంలో లక్ష్మీదేవి కుంకుమ, ఇంతకంటే ఏం కావాలి?

శుక్రవారం పూజ బాగా జరిగింది. పొట్లాలు అందరికీ అందాయి. "ఈ ఏడు ఎంత నాజూగ్గా కట్టేరో" అని పూజారిగారి భార్య అందరి ముందూ మెచ్చుకుంది. పద్మకుమారికి ఆ మాట ఇంటికి వచ్చేదాకా చెవిలో మోగుతూనే ఉంది. ఇంట్లో వండినదాన్నీ కొట్టులో అమ్మినదాన్నీ ఎవరూ మెచ్చుకోరు. అవి అవడం మామూలే, అవకపోతేనే మాట వస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం అనిత వచ్చింది. అనిత ఆ కాలనీ కోడలే, వార్డు సచివాలయంలో మహిళా పోలీసు. వచ్చీ రాగానే ఏమీ కొనలేదు. అటూ ఇటూ చూసి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"పిన్నీ, నిన్న కుంకం పొట్లాలు నువ్వేనా కట్టేవు?"

"నేనే. ఏటి, ఒలికిపోయిందా?"

"ఒలకలేదు. ఆ కాగితం ఎక్కడిది?"

"మా కొట్టులోదే. ల్యాబు కాగితం."

"ఏ ల్యాబు పిన్నీ?"

"కాలేజీ ల్యాబమ్మా. వడకట్టుకుంటారు గదా పిల్లలు." పద్మకుమారి సొరుగు లాగి చూపించింది. అనిత ఒక పెట్టె తీసి ఇటూ అటూ తిప్పింది. పక్కనే ఉన్న గుండ్రటి ఇనప డబ్బీ తీసింది. మూత తిప్పితే లోపల పళ్ళు.

"మరి ఇదేటి?"

"అదా, ఏలక్కాయలు పొడి సేసుకునేది. సానా బాగుంటాది. నేనూ ఒకటి ఇంట్లో వాడతన్నాను. నిన్న అమ్మవారి పరమాన్నంలోకి దాంతోనే..."

"ఓలమ్మో పిన్నీ!" అంటూ అనిత నోరు మూసుకుంది. భుజాలు కదిలేలా నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. యూనిఫారంలో ఉన్న మనిషి అలా నవ్వడం పద్మకుమారి ఎప్పుడూ చూడలేదు. ఎందుకు నవ్వుతోందో తెలియక తనూ కొంచెం నవ్వింది. నవ్వు తగ్గాక అనిత గొంతు తగ్గించి చెప్పింది. ఈ కాగితంలో గంజాయి చుట్టుకుంటారు. ఆ డబ్బీలో గంజాయి నలుపుకుంటారు. హాస్టలు వెనక గోడ దగ్గర ఈ అట్టపెట్టెలు కుప్పలుగా దొరుకుతున్నాయి. తల్లిదండ్రులు వచ్చి గొడవ చేశారు. అందుకని మున్సిపల్ ఆఫీసులో కొత్త ఉత్తర్వు వచ్చింది. కాలేజీలూ హాస్టళ్ళూ ఉన్న వార్డుల్లో కిరాణా కొట్లలోనూ పాన్‌షాపుల్లోనూ ఈ సామాన్లు అమ్మకూడదు, దాచకూడదు.

పద్మకుమారికి మొదట సిగ్గు వేయలేదు. భయమూ వేయలేదు. అదేమిటో, ముందు సందేహాలే వచ్చాయి.

"గంజాయి ఈటిలో లేదు గదా, అనితా? ఉట్టి కాగితమే గదా?"

"ఉట్టి కాగితమే."

"మరి మేం బ్లేడ్లు అమ్మితన్నాం. ఎలకల మందు అమ్మితన్నాం. ఆటికి లేని రూలు దీనికెందుకు?"

అనిత డబ్బీ మూత బిగించింది. "నాకూ పూర్తిగా తెలీదు పిన్నీ. మీటింగులో ఒక కొట్టాయన ఇదే అడిగేడు. కాగితం ఆపితే గంజాయి ఆగిపోద్దా అన్నాడు. ఆగదు. కొత్తగా మొదలెట్టే గుంటడికి మాత్రం చాక్లెట్టు కొన్నంత సులువుగా దొరకకుండా ఉంటాదని మా సారు అన్నారు. నాకు అది సబబే అనిపించింది." లేచి నిలబడింది. "మంగళవారం నుంచి తనిఖీలు. తెలీక ఉంచినవాళ్ళకి ఒకసారి హెచ్చరిక రాసి వదిలేస్తారు. తెలిసే అమ్మితన్నారని తేలితే కొట్టు సీలు వేస్తారు, లైసెన్సు ఆపేస్తారు. నీ సంగతి నాకు తెలుసు గనక ముందే సెప్తన్నాను. ఈలోగా తీయించెయ్యి."

అనిత వెళ్ళిపోయాక పద్మకుమారి సొరుగు ముందు చాలాసేపు కూర్చుంది. చదువుకునే పిల్లలు తనకి అబద్ధం చెప్పి కొన్నారా? ఎంతమంది మొహాలు చూసింది తను! నుదుట విభూది పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, "ఆంటీ, బాగున్నారా" అని పలకరించేవాళ్ళూ ఉన్నారు. ఆ సాయంత్రం పల్చటి గెడ్డం కుర్రాడొకడు వచ్చి "పేపరు" అన్నాడు. ఆమె సొరుగు తీయలేదు.

"నాన్నా, మీకు ల్యాబు ఏ రోజు?"

"ఏ ల్యాబు ఆంటీ?"

"కెమిస్ట్రీ ల్యాబు."

"నాది బీకామ్ ఆంటీ," అన్నాడు వాడు. ఆమె మొహం చూసి ఏమనుకున్నాడో, చూపు దించుకుని బిస్కెట్ ప్యాకెట్టు కొనుక్కుని వెళ్ళిపోయాడు.

అప్పుడు పద్మకుమారికి ఒక సంగతి తట్టింది. పిల్లలెవరూ ల్యాబు అనలేదు. ఒక్కడు కూడా అనలేదు. వాళ్ళెప్పుడూ పేపరు అనే అడిగారు. ల్యాబు అన్నది ఒక్క మనిషే.

ఆ తరువాత ఆలోచన దారాన్ని పట్టుకుని లాగితే వచ్చినట్టు వచ్చింది. ఆ పెట్టెలు రాకముందు సాయంత్రం పూట కొట్టులో జగన్నాధమే కూర్చునేవాడు. కాలేజీ వదిలే వేళ అది. పెట్టెలు వచ్చిన వారంలోనే, "ఇక మీద సాయంత్రాలు కూడా నువ్వే కూకో, నీకు అలవాటవుతాది" అన్నాడు. ఆమె సంతోషించింది. తనని నమ్మి కొట్టు అప్పజెప్పాడని తన చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది. పైగా గల్లా వెనక గోడకి అరసవల్లి సూర్యనారాయణస్వామి పటం, శ్రీకూర్మం పటం కూడా అప్పుడే తగిలించాడు. భక్తి పెరిగిందనుకుంది. ఆ పటాల కింద, నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుని తను కూర్చుంటే, ఆ కొట్టులో ఇలాంటిది దొరుకుతుందని ఎవరనుకుంటారు? తనే అనుకోలేదు. తనని కూర్చోబెట్టింది పనికి కాదు. తన మొహానికి.

ఆదివారానికి కాలనీలో మాట పాకిపోయింది. అనిత చెప్పలేదు, పొట్లం కాగితాన్ని పక్కవీధి ఇంజనీరింగు కుర్రాడొకడు గుర్తుపట్టి ఫోటో తీసి అందరికీ పంపాడట. కుళాయి దగ్గర ఎవరో, "ఈ ఏడు అమ్మవారి ప్రసాదం మత్తుగా ఉందంట గదా" అని నవ్వారు. భోజనాల వేళకి జగన్నాధం మొహం కందగడ్డలా చేసుకుని వచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా పీట మీద కూర్చున్నాడు.

"పరువు తీసేసినావే! టీ కొట్టు దగ్గర నలుగురూ నవ్వుతన్నారు. కుంకం పొట్లాలకి ఆ కాగితాలేటే? బుద్ధుందేటి?"

"కెమిస్ట్రీ కాగితాలు గదా మావా. మంచియే అనుకున్నాను." కంచంలో అన్నం వడ్డించింది. "మరేటి, కాదేటి?"

జగన్నాధం అన్నం కలపడం ఆపాడు. ఒక క్షణం ఆమె మొహంలోకి చూసి, తరవాత నవ్వేశాడు. దొరికిపోయిన మనిషి నవ్వు కాదది, పిల్లల ప్రశ్నకి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

"సెప్పేసిందా ఆ అనిత? సరే. నీకు తెలిస్తే అమ్మేదానివేటి? తులసి కోటకి దండం పెట్టుకుని రోజంతా నసిగేదానివి. అందుకే సెప్పలేదు. నీ మంచికే."

"నా మంచికా?"

"కాదేటి? తెలీకుండా సేసినదానికి పాపం లేదంట. నీకు తెలీదు, నీకు పాపం లేదు. తెలిసినోణ్ణి నేను, నాది నేను సూసుకుంటాను." ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ఇప్పుడు ఇను. ఆ పెట్టెలన్నీ ఓ అట్టడబ్బాలో ఏసి నీ స్టూలు కింద పెట్టి పైన సంచి కప్పు. తెలిసిన గుంటలకి మాత్రం ఇద్దాం. తనిఖీకొచ్చి అడిగితే, నాకు తెలీదు సార్ అను. ఆడమనిషి మీద రాయరు. నీ మొహం సూస్తే అసలు అడగరు కూడా. రాసినా హెచ్చరికే."

పద్మకుమారి పులుసు గిన్నె పట్టుకుని నిలబడే ఉంది. వంటింటి గడపలో అత్తగారు చుట్ట తీసి నోరు తుడుచుకుంటోంది. కోడలి వంట మీదా నడక మీదా మాట విసరని రోజు లేదు ఆవిడకి. ఇప్పుడూ ఏదో ఒకటి అంటుందనే పద్మకుమారి అనుకుంది.

"ఒరే జగ్గా, ఆ కాగితం ఓటి ఇలా తే," అంది లక్ష్మణమ్మ. కొడుకు విననట్టు ఊరుకుంటే, పద్మకుమారే తెచ్చి ఇచ్చింది. ఆవిడ దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. "దీన్లో సుట్టుకుంటే పొగాకు నిలబడతాదేటి? ఏం గుంటలో, ఏం తాగుడో! నాను కుర్రదాన్నప్పట్నించీ పొగ తాగతన్నాను. అందరూ తిట్టినారు. తిడితే పడినాను. నోట్లో నిప్పెట్టుకున్నానని నాకు తెలుసు, ఊరికీ తెలుసు. ఇదేటిరా, నిప్పేమో దాని సేతిలో ఎట్టినావు, సలివిడని సెప్పినావా?"

"నువ్వూరుకో అమ్మా. నీకు తెలీదు."

"ఆఁ, నాకూ తెలీదు, దానికీ తెలీదు. ఈ ఇంట్లో అందరి తెలివీ నీ కాడే ఉన్నాది," అంటూ ముసలావిడ మళ్ళీ చుట్ట నోట్లో పెట్టుకుంది. కోడలిని వెనకేసుకొచ్చినందుకు తనకే మొహమాటంగా అనిపించిందో ఏమో, వెంటనే, "పులుసులో ఉప్పు తక్కువైంది," అని కూడా అంది.

ఆ సాయంత్రం దీపం పెట్టాక పద్మకుమారి దేవుడి గూటి ముందు మామూలు కన్నా ఎక్కువసేపు కూర్చుంది. ఆమెకి స్తోత్రాలు చాలానే వచ్చు. ఆ రోజు ఒక్కటీ నోటికి రాలేదు. ప్రశ్నలే వచ్చాయి. తెలియక చేసినదానికి పాపం లేదన్నాడు మావ. ఉండకపోవచ్చు. కుంకుమ పొట్లాల సంగతి అమ్మవారికి తెలుసు, ఆ తల్లి కూడా ఈపాటికి అనితలాగే నోరు మూసుకుని నవ్వుకుని ఉంటుంది. పరమాన్నం సంగతికి ఇంకా నవ్వి ఉంటుంది. దాని గురించి ఆమెకి బెంగ లేదు. కానీ మంగళవారం ఎవరో వచ్చి తెలుసా అని అడిగితే తెలీదు అనాలట. అప్పుడు తెలిసే ఉంటుంది కదా? తెలిసి తెలీదనడం ఎవరి ఖాతాలో పడుతుంది? 'నాది నేను సూసుకుంటాను' అన్నాడు. చూసుకునేది నా నోటితోనా?

ఎలకల మందు సంగతి కూడా అప్పుడే తేలింది. అనిత చెప్పలేకపోయిన జవాబు. ఎలకల మందుని ఎలకల మందనే చెప్పి అమ్ముతాం. కొనేవాడికి తెలుసు, అమ్మేవాళ్ళకి తెలుసు. చిన్నపిల్లాడు వచ్చి అడిగితే, ఎందుకురా, మీ అమ్మని రమ్మను అంటాం. ఈ కాగితాన్ని దాని పేరు పెట్టి అమ్మి ఉంటే, తను ఆ గెడ్డం కుర్రాణ్ణి ఎప్పుడో అడిగి ఉండేది. ఎందుకు నాన్నా, మీ అమ్మకి తెలుసా అని. ఆ అడిగే మనిషి అడ్డు లేకుండా చెయ్యడానికే కదా దానికి ల్యాబు అని పేరు పెట్టింది. రూలు పెట్టినవాళ్ళకి ఇదంతా తెలుసో లేదో. ఉత్తర్వులో కొట్టు అని రాశారు గానీ, కొట్టులో ఎవరు కూర్చుంటారో, వాళ్ళకి ఏం చెప్పి కూర్చోబెడతారో రాసినట్టు లేదు.

ఇంకోపక్క భయం కూడా ఉంది. లేదనడం అబద్ధం. కొట్టు సీలు పడితే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? హైదరాబాదులో నర్సింగు చదువుతున్న కూతురు శ్రావణికి ఫోన్ చేస్తే, "అమ్మా, ఆ డబ్బా ఎక్కడైనా పారేసి ఊరుకో, గొడవెందుకు" అంది. నిజమే, పారెయ్యొచ్చు. సోమవారం పొద్దున్న పెట్టెలన్నీ అట్టడబ్బాలో వేసి, ఎత్తి బయటికి తీసుకెళ్ళబోయింది కూడా. జగన్నాధం చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎక్కడికే? అది సరుకు. నా సరుకు." అని డబ్బా లాక్కుని, తనే వంగి ఆమె స్టూలు కింద తోసి, పైన గోనెసంచి కప్పాడు. కప్పి, దుమ్ము దులుపుకుంటూ, "కూకో" అన్నాడు.

ఆమె కూర్చుంది. రోజంతా ఆ డబ్బా అంచు మడమకి తగులుతూనే ఉంది.

మంగళవారం పది దాటాక శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఆయనతో అనిత వచ్చారు. ఇన్‌స్పెక్టరు పేరు మోహనకృష్ణ, కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి. జగన్నాధం మార్కెట్టుకి వెళ్ళడం మానేసి ఆ రోజు ఇంటి దగ్గరే ఉన్నాడు. ఎదురెళ్ళి నమస్కారం పెట్టి, కూల్ డ్రింకు తీయమన్నాడు. "మాదంతా దేముడి కొట్టు సార్. మా ఆవిడ పటాలకి దండం పెట్టకుండా షట్టరు ఎత్తదు. ఏదో తెలీక కొన్ని కాగితాలు అమ్మింది, కుంకం పొట్లాలు కూడా ఆటితోనే కట్టింది, అంత అమాయకురాలు. మీరూ ఇనే ఉంటారు." ఇన్‌స్పెక్టరు నవ్వాడు. విన్నట్టే ఉన్నాడు. అనిత నవ్వలేదు.

ఇన్‌స్పెక్టరు అరలు చూశాడు. సొరుగు లాగాడు. ఖాళీగా ఉంది. కడిగి, కాగితం పరిచి, శుభ్రంగా ఉంది. జేబులోంచి కలం తీసి, జగన్నాధం వైపే చూస్తూ, "సరే, ఏమీ లేవు, తెలియక అమ్మారని రాసేస్తాను. ఇకముందు జాగ్రత్త," అన్నాడు. రాయబోతూ, ఏదో పద్ధతి ప్రకారం అడగాలి గనక అన్నట్టు, తల తిప్పి పద్మకుమారిని అడిగాడు.

"ఏమ్మా, ఆ కాగితాలు దేనికి వాడతారో నీకు తెలుసా?"

జగన్నాధం ఆమె వెనక్కి వచ్చి నిలబడ్డాడు. జవాబు ఎలాగూ తెలిసిందే అన్నట్టు కూల్ డ్రింకు మూత తీస్తున్నాడు. పద్మకుమారికి ఆ క్షణంలో విచిత్రంగా అనిపించినది ఆ ప్రశ్నే. నీకు తెలుసా. పెళ్ళయిన దగ్గర్నుంచీ తనకి నీకు తెలీదు అని చెప్పినవాళ్ళే గానీ, నీకు తెలుసా అని అడిగినవాళ్ళు లేరు. ఆయన కూడా జవాబు కోసం అడగలేదు, ఆ సంగతీ అర్థమవుతూనే ఉంది. అయినా అడిగాడు కదా. అడిగాక చెప్పడం తన వంతు. కొట్టు మూతపడుతుంది, నిజమే. ఈ ఇంట్లో రేపటి నుంచి ఎలా ఉంటుందో కూడా తెలుసు. ఇన్ని తెలిసిన మనిషి తెలీదని ఎలా అంటుంది?

లేచి నిలబడింది. స్టూలు పక్కకి జరిపింది. గోనెసంచి తీసి, అట్టడబ్బా ఎత్తి కౌంటరు మీద పెట్టింది. అంత బరువేం లేదు.

"తెలుసు సార్," అంది. "నాకు మొన్న తెలిసింది. ఆయనకి తెచ్చినప్పుడే తెలుసు."

కూల్ డ్రింకు మూత కింద పడి దొర్లింది. అరుగు మీద లక్ష్మణమ్మ చుట్ట నోట్లోంచి తీసి, మెడ సాచి లోపలికి చూసింది. ఇన్‌స్పెక్టరు కలం కాగితం మీద ఆగిపోయింది. అప్పటిదాకా జగన్నాధం వైపు తిరిగి ఉన్న మనిషి, మొత్తం ఇటు తిరిగి నిలబడ్డాడు.

"ఏటే! ఏటి సేసినావే?" జగన్నాధం ఆమె పక్కకి వచ్చాడు. "కొట్టు మూసేస్తారు! తెలుస్తన్నాదేటి నీకు?"

"మూస్తే మూయనీ మావా. మూసినన్నాళ్ళూ మూసి ఉంటాది," అంది పద్మకుమారి. గొంతు పెంచలేదు. చేతులు కౌంటరు అంచు మీద ఆనించి, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "రాయండి సార్. రాసేక నాకొక సంగతి సెప్పండి. మళ్ళీ తీసినప్పుడు లైసెన్సు కూకున్నోళ్ళ పేరు మీద ఇస్తారా? దానికి ఎవరిని అడగాల?"